పాక హోటల్లో పొద్దుటి టిఫిను: పొట్టిక్క, పెసరట్టు, దిబ్బరొట్టె తినే పద్ధతి

గోదావరి డెల్టాలో పొద్దుటిపూట మంచి టిఫిను తినడానికి పెద్ద హోటలు అక్కరలేదు. కాలువ గట్టున, లాకుల పక్కన, రేవుకు వెళ్ళే దారిలో, బస్సులు ఆగే రావిచెట్టు కింద, తాటాకు కప్పో సిమెంటు రేకులో వేసుకుని ఒక కట్టెల పొయ్యి, ఒక పెనం, రెండు బల్లలతో నడిచే పాక హోటలు దాదాపు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తుంది. చాలావాటికి బోర్డు కూడా ఉండదు. లాకుల దగ్గర హోటలనో, వంతెన దిగువ హోటలనో ఊరివారు పిలుచుకుంటారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ, విదేశాల నుంచీ వచ్చే మన పిల్లలు అక్కడ ఏది ఎప్పుడు అడగాలో తెలియక, ఇంటికి పార్శిలు కట్టించుకుని, చల్లారిపోయాక తిని, ‘ఇంతేనా?’ అనడం నేను చాలాసార్లు విన్నాను. అది వారి తప్పు కాదు, దగ్గర కూర్చోబెట్టి చెప్పేవారు లేకపోవడమే కారణం. అటువంటి వారి కోసమే దీనిని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవలసినది ఒక్కటే. ఈ టిఫిన్లకు ఆయువు చాలా తక్కువ. పెసరట్టు పెనం దిగిన నాలుగైదు నిమిషాలలోనే మెత్తబడుతుంది. పనసాకు బుట్టలో ఆవిరికి ఉడికించే పొట్టిక్క, ఆకు విప్పిన కాసేపటికే వాసన కోల్పోతుంది. మినప్పిండిని దళసరిగా కాల్చే దిబ్బరొట్టెను ముక్క కోసి పక్కన పెడితే పైపొర కరకర పోతుంది. కనుక మన వీలు చూసుకుని హోటలుకు వెళ్ళడం కాదు, పొయ్యి వేళ తెలుసుకుని వెళ్ళాలి. ఇక చెప్పేదంతా ఈ ఒక్క మాటను పట్టుకునే నడుస్తుంది.

వేళ, చోటు

కొబ్బరి దింపు కార్మికులూ, పొలం పనికి వెళ్ళేవారూ, రేవు దాటించే మొదటి పంటు (పడవ) అందుకోవలసిన వారూ తెల్లవారకముందే వస్తారు కాబట్టి చాలా పాక హోటళ్ళలో ఐదున్నరకల్లా పొయ్యి వెలుగుతుంది. అయితే ఆ తొలి పావుగంటలో పెనం ఇంకా అదునుకు రాదు, మొదటి రెండు మూడు అట్లు అతుక్కుని చిరుగుతాయి. ఆరున్నర నుంచి ఎనిమిది మధ్య వెళ్ళడం అన్ని విధాలా మంచిది. తొమ్మిది దాటిన తరువాత, ముఖ్యంగా వేసవిలో, పులిసిన పిండి మరింత పులుపెక్కుతుంది, కొబ్బరి చట్నీ మీద నమ్మకం తగ్గుతుంది. పండుగ మూడు రోజులూ ఊరంతా బంధువులతో నిండి ఉంటుంది కాబట్టి అప్పుడు మరో అరగంట ముందుగా బయలుదేరాలి.

ఏ హోటలుకు వెళ్ళాలన్నది గోడ రంగును బట్టో, కుర్చీలను బట్టో నిర్ణయించకూడదు. పొయ్యి దగ్గర రెండు నిమిషాలు నిలబడి చూడాలి. అట్టు వేసినది వేసినట్టు ఎవరి ప్లేటులోకో వెళ్ళిపోతున్నదా, లేక పక్కన దొంతరగా పేరుస్తున్నారా? పేరుస్తున్న చోట తినవద్దు. చట్నీ గిన్నె మీద మూత ఉన్నదా, తాగే నీళ్ళ బిందెలో ముంచే చెంబుకు కాడ ఉన్నదా, అట్లు వేసే చేయి, డబ్బు తీసుకునే చేయి వేరువేరా అన్నవి కూడా గమనించదగినవే. నాకైతే గల్లా దగ్గర ఒకరు, పొయ్యి దగ్గర మరొకరు ఉన్న హోటలంటే సగం భయం తీరిపోతుంది. సాధారణంగా అవి భార్యాభర్తలు నడిపేవే అయి ఉంటాయి.

ఈ మూడు టిఫిన్లే ఇక్కడ ఇంతగా ఎందుకు నిలిచాయన్నది కూడా ఒక మాట చెప్పుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఈ నేల ప్రధానంగా వరి నేల అయింది. సార్వా (ఖరీఫ్) వరి కోతకు ముందే తడి ఆరని చేలో మినుములు, పెసలు చల్లే అలవాటు రైతులకు ఉంది. గట్టు మీద కొబ్బరి, పెరట్లో పనస ఎలాగూ ఉన్నాయి. బియ్యపు రవ్వ, మినుములు, పెసలు, కొబ్బరి, పనసాకు అన్నీ కాలినడక దూరంలో దొరికే చోట పుట్టిన తిండి కాబట్టే ఇది ఇప్పటికీ చవకగా దొరుకుతోంది. కొత్త మినుములు వచ్చిన రోజుల్లో పిండి బాగా ఒదుగుతుంది. పొట్టిక్కలు, రొట్టెలు అప్పుడు గుల్లగా, తేలికగా ఉంటాయి. వీలైతే మాఘ ఫాల్గుణాలలో ఒకసారి వచ్చి తిని చూడండి.

పొట్టిక్క

కోనసీమలో, అందులోనూ కొబ్బరి మార్కెట్టుకు పేరుపడిన అంబాజీపేటలో, పొట్టిక్కలు ప్రసిద్ధం. నాలుగు పనసాకులను ఒకదానికొకటి అడ్డంగా చేర్చి, అంచులు పైకి మడిచి, కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చి చిన్న బుట్టలా కుడతారు. అందులో ఇడ్లీ పిండి వంటి పిండిని, అంటే మినప్పప్పు ఒక పాలు, బియ్యపు రవ్వ సుమారు రెండు పాళ్ళు కలిపి రాత్రంతా పులియబెట్టిన పిండిని, ముప్పాతిక వంతు వరకు పోసి ఆవిరికి పెడతారు. ఉడుకుతున్నప్పుడు ఆకులోని పసరు వాసన పిండికి పడుతుంది. ఇడ్లీకీ పొట్టిక్కకూ ఉన్న తేడా అంతా ఆ వాసనలోనే ఉంది. ఉత్త మినప్పిండిని గిన్నె మూతికి వాసెన కట్టిన గుడ్డ మీద ఉడికించే ఆవిరి కుడుము దీనికి దగ్గరి చుట్టమే గాని, అది వేరు, ఇది వేరు.

పొట్టిక్కను ఆకుతోనే పెట్టమని అడగాలి. కొత్తవారు కదా, చేతులు కాలతాయేమోనన్న మర్యాదతో కొందరు ఆకు విప్పి ప్లేటులో పెట్టి ఇస్తారు. ‘ఆకు మేమే విప్పుకుంటామండి’ అని ముందే చెప్పండి. ప్లేటు చేతికి రాగానే విప్పబోకండి. ఆవిరిలోంచి అప్పుడే దిగిన పొట్టిక్క ఆకును పట్టుకుని ఉంటుంది, తొందరపడితే సగం పిండి ఆకుకే అంటుకుపోతుంది. ఒక నిమిషం ఆగితే చుట్టూ కొంచెం బిగిసి, ఆకు తనంతట తానే వదులవుతుంది. ఆ నిమిషంలో కొబ్బరి చట్నీ వాసన చూసుకోండి. చట్నీ తాజాదైతే కొబ్బరి తీపి వాసన వస్తుంది, ఏ మాత్రం పుల్లని వాసన తగిలినా పక్కన పెట్టి కారప్పొడి అడగండి.

తరువాత ఈనె ముక్కలు ఒక్కొక్కటిగా లాగి ప్లేటు అంచున ఒకే చోట పెట్టుకోవాలి. నాలుగు ఈనెలు ఉంటే నాలుగూ లెక్క చూసుకోవాలి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు ఈ పని పెద్దవారే చేయాలి. ఆకులు నాలుగు వైపులకూ వాలిపోగానే మధ్యలో తెల్లని పొట్టిక్క ఆకు ఈనెల అచ్చుతో నిలబడుతుంది. మొదటి ముద్ద ఏమీ అద్దుకోకుండా తినాలని నా మనవి. అడుగు భాగంలో, ఆకులు ఒకదాని మీద ఒకటి పడిన చోట, వాసన ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి తుంచండి. ఆ తరువాత మధ్యలో వేలితో చిన్న గుంట చేసి, కారప్పొడి వేసి, పైన నెయ్యి పోయించుకుని తింటే ఒక రుచి, కొబ్బరి చట్నీతో తింటే మరో రుచి. అల్లం పచ్చడి మాత్రం దీనికి నేను వద్దంటాను, అది ఎంత మంచిదైనా పనసాకు వాసనను మింగేస్తుంది. నెయ్యికి విడిగా కొంత ఎక్కువ తీసుకుంటారు, ఆ ఖర్చుకు వెనకాడవద్దు. చూడడానికి చిన్నదిగా ఉన్నా పొట్టిక్క గట్టి తిండి. తరువాత అట్టు కూడా తినదలచినవారు ఒక్కదానితో ఆపాలి.

ఇంకొక సంగతి. తిన్న తరువాత పనసాకులను ఈనెలు లేకుండా చూసి వేరుగా వేయండి. పనసాకు మేకలకు చాలా ఇష్టం, హోటళ్ళ వెనక వాటి కోసం కాచుకుని ఉంటాయి. ఈనె గుచ్చుకుంటే ఆ మూగజీవాలకు నోరు విప్పి చెప్పుకునే దారి లేదు.

పెసరట్టు

పొట్టిక్క తరువాతే పెసరట్టు తినాలి. వరుస తిరగబడితే అల్లం ఘాటు నాలుక మీద నిలిచి, ఆ తరువాత తినే పొట్టిక్క చప్పగా తోస్తుంది. ఈ వరుస నాకు మా పెద్దమ్మ చెప్పింది. చిన్నప్పుడు మాట వినక ముందు అట్టే తిని, ఆ పొద్దు పొట్టిక్క రుచి తెలియక బాధపడ్డాను.

పొట్టుతో ఉన్న పెసలను నాలుగైదు గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బిన పిండి ఇది. దీనిని పులియబెట్టరు. అప్పటికప్పుడు రుబ్బినదే వేయాలి, నిలవ ఉంటే పచ్చదనం పోయి నల్లబారుతుంది. కాబట్టి పెసరట్టు అడిగే ముందు గిన్నెలోని పిండి రంగు చూడండి. లేత ఆకుపచ్చగా ఉంటే ధైర్యంగా అడగవచ్చు. ముదిరి మట్టి రంగుకు తిరిగితే ఆ రోజుకు మినపట్టుతో సరిపెట్టుకోండి.

అడిగే తీరు కూడా తెలియాలి. ఇక్కడ అట్టును ‘ఆర్డరు’ చేయరు, ‘వేయించుకుంటారు’. ‘బాబాయ్, ఒక పెసరట్టు వెయ్యండి, ఎర్రగా కాల్చండి, ఉల్లిపాయ కొంచెం ఎక్కువ’ అంటే సరిపోతుంది. పొయ్యి దగ్గర ఉన్నది ఆడవారైతే వయసును బట్టి పిన్నీ అనో, అక్కా అనో పిలిచి, చివర ‘అండీ’ చేర్చండి. గోదావరి జిల్లాల్లో చిన్నవారిని కూడా ‘అండీ’ అనడం మామూలే. వారు ‘ఆయ్’ అన్నారంటే మీ మాట చెవిన పడినట్టే, రెండోసారి గుర్తు చేయనవసరం లేదు. ఉప్మా కావాలో వద్దో మాత్రం పెనం మీద పిండి పోయకముందే చెప్పాలి, ఎందుకంటే ఉప్మా పెట్టే అట్టును కొంచెం దళసరిగా తిప్పుతారు.

ఉప్మా పెసరట్టు తినడంలో చాలామంది చేసే పొరపాటు, మడత విప్పి ఉప్మా అంతా ప్లేటులో పరచి, అట్టును విడిగా, ఉప్మాను విడిగా తినడం. అలా తింటే రెండూ త్వరగా చల్లారిపోతాయి. మడతను విప్పకుండా, ఒక చివర నుంచి మొదలుపెట్టి, అట్టులో రెండు వేళ్ళంత ముక్క తుంచి, దానితోనే లోపలి ఉప్మాను చిటికెడు తీసుకుని, అల్లం పచ్చడిలో అంచు మాత్రం తాకించి నోట పెట్టుకోవాలి. మడత లోపల వేడి చివరి ముద్ద వరకు నిలుస్తుంది. అల్లం పచ్చడిలో చింతపండు పులుపు, బెల్లం తీపి, మిరప కారం ముగ్గురూ ఉన్నారు కాబట్టి దానిని ముంచి తినకూడదు, తాకించి తినాలి. అట్టు అంచున జల్లెడలా కాలిన భాగాన్ని కొందరు మాడిందని వదిలేస్తారు. దయచేసి వదలకండి, పెసర రుచి అక్కడే చిక్కబడి ఉంటుంది. ఒకరికి ఒకటి వేయించుకుని, అది సగం అయ్యాక రెండోది చెప్పండి. ఇద్దరు కలిసి వెళ్ళినప్పుడు ఒకేసారి నాలుగు చెబితే రెండు చల్లగా తినవలసి వస్తుంది.

దిబ్బరొట్టె

దిబ్బరొట్టెకు ఓపిక కావాలి. మినప్పిండి, బియ్యపు రవ్వ, జీలకర్ర కలిపిన గట్టి పిండిని అడుగు మందమైన మూకుట్లో నూనె పోసి, రెండంగుళాల దళసరిగా వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాలుస్తారు. కట్టెల పొయ్యి ఉన్న చోట మూత మీద కూడా నిప్పులు వేస్తారు. పైనా కిందా ఒకే తీరుగా ఎర్రబడి, లోపల మెత్తగా ఉడకాలంటే దాదాపు అరగంట పడుతుంది. అందుచేత హోటలుకు వెళ్ళగానే మొదట అడగవలసినది, ‘రొట్టె ఎప్పుడు దిగుతుందండీ?’ అని. దిగబోతున్నదంటే మిగిలినవి తగ్గించుకోండి. ఇప్పుడే వేశామంటే, పొట్టిక్క, అట్టు తినే సరికి అది సిద్ధమవుతుంది. అప్పటికే కోసి పళ్ళెంలో పెట్టిన ముక్కలు ఇవ్వబోతే, కొత్త రొట్టె కోసం ఆగుతామని మర్యాదగా చెప్పవచ్చు, ఎవరూ నొచ్చుకోరు.

ముక్కను మధ్యలో విరిచి తినకూడదు. పైపొర, మెత్తని లోభాగం, అడుగుపొర మూడూ ప్రతి ముద్దలోనూ వచ్చేటట్టు నిలువుగా తుంచాలి. పశ్చిమ గోదావరి వైపు దీనికి చెరకు పానకం పోస్తారు. ఇది శ్రీరామనవమి నాటి మిరియాల పానకం కాదు, చెరకు రసాన్ని బెల్లం కట్టడానికి ముందటి దశలో తీసిన చిక్కని తేనె వంటి పాకం. దానిని రొట్టె మీద పోయించుకోవద్దు, పైపొర నానిపోతుంది. ప్లేటులో పక్కన పోయించుకుని, మెత్తని వైపు మాత్రం అద్దుకోండి. పానకం లేని చోట కొత్త ఆవకాయతో తినవచ్చు. నా లెక్కలో రెండూ సమానమే, అయినా చలికాలపు ఉదయం ఎవరైనా ఒక్కటే కోరుకోమంటే పానకమే కోరుకుంటాను. తీపి కాబట్టి దిబ్బరొట్టె చివరికి రావాలి, ఆ తరువాత కాఫీయో టీయో తాగాలి. టిఫినుకు ముందే వేడి టీ తాగితే నాలుక మొద్దుబారి, ఇంత సేపు కాచుకున్నదంతా వృథా అవుతుంది.

ఇడ్లీ, పూరీ, గారె అన్ని ఊళ్ళలోనూ దొరికేవే కాబట్టి వాటి గురించి ప్రత్యేకంగా చెప్పవలసినది లేదు.

కూర్చోవడం, చెల్లించడం

బల్ల మీద నలుగురికి చోటు ఉంటే ఐదో మనిషికీ చోటు ఉన్నట్టే. ‘కొంచెం జరగండి’ అని అడగవచ్చు, అడిగితే మనమూ జరగాలి. వెనక మనిషి నిలబడి ఉన్నప్పుడు తిన్న తరువాత కబుర్లతో కూర్చోవడం ఇక్కడ మర్యాద కాదు. కబుర్లకు చెట్టు కింద అరుగు ఉంటుంది. చట్నీ మారు అడగడానికి మొహమాటపడనవసరం లేదు, దానికి డబ్బు తీసుకోరు. అయితే అడిగి వేయించుకున్నది వదిలేయకూడదు. కొబ్బరి తురిమి రుబ్బిన చేతులు నాలుగు గంటలకే లేచి ఉంటాయి.

ఎంత తిన్నామన్న లెక్క చాలా చోట్ల తిన్నవారే చెబుతారు. హోటలువారు రాసుకోరు, మనల్ని నమ్ముతారు. ఒక పొట్టిక్క, ఒక అట్టు, ఒక రొట్టె ముక్క, నెయ్యి అని వరుసగా చెప్పండి, నెయ్యి మరచిపోకండి. ఫోను నుంచి చెల్లించే ఏర్పాటు ఇప్పుడు పాకల్లోనూ ఉంది గాని, పొద్దున్నే రద్దీలో తడి చేతులతో ఫోను చూసుకోవడం వారికి ఇబ్బంది. 10, 20 రూపాయల నోట్లు దగ్గర ఉంచుకుని సరిపడా ఇవ్వండి. తెల్లవారగానే 500 రూపాయల నోటు చాపితే చిల్లర కోసం వారు పక్క కొట్టుకు పరుగెత్తాలి, ఆ లోపు పెనం మీది అట్టు మాడిపోతుంది.

పార్శిలు

ఇంట్లో కదలలేని పెద్దవారి కోసం కట్టించుకోక తప్పని సందర్భాలు ఉంటాయి. పెసరట్టును కట్టించవద్దు, దానికి దారి ప్రయాణం పడదు. దిబ్బరొట్టెను కోయకుండా మొత్తంగా కట్టించుకుంటే గంట వరకు బాగుంటుంది. ప్రయాణానికి అన్నిటికన్నా తట్టుకునేది పొట్టిక్క, ఎందుకంటే దాని పెట్టె దానితోనే ఉంటుంది. ఒకసారి నేను డజను పొట్టిక్కలు వేడివేడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టించుకుని కాకినాడ తీసుకువెళ్ళాను. ఆవిరి లోపలే నీరై కారి, అక్కడికి చేరేసరికి ముద్దముద్దగా అయిపోయాయి. చుట్టాల ముందు వాటిని విప్పిన క్షణం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి ఆకులు విప్పకుండా పది నిమిషాలు వెదురు బుట్టలో ఆరనిచ్చి, అరిటాకులో చుట్టి, పైన పొడి నూలు గుడ్డ కప్పి తీసుకువెళ్తున్నాను. ఇంటికి చేరాక ఆకుతోనే ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పట్టిస్తే వాసన తిరిగి లేస్తుంది. వాటి వెంట కారప్పొడి పొట్లం కట్టించుకోండి. కొబ్బరి చట్నీ మాత్రం కట్టించుకోకుండా, అక్కడే కొబ్బరికాయ ఒకటి కొనుక్కుని వెళ్ళి, తినే ముందు ఇంట్లో రుబ్బుకోండి.